ఎల్లాప్రగడ సుబ్బారావు – ఆరియోమైసిన్ కథ

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినగానే మన విద్యార్థులకు ఫోలిక్ ఆమ్లమూ, బోదకాలు మందూ స్ఫురించడం సహజం. ఆయన నాయకత్వంలో వెలువడిన ఆరియోమైసిన్ చరిత్ర మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఔషధాన్ని కనుగొనడం ఒక ఎత్తు. రోగి రక్తంలో చేరేవరకు దాని శక్తి నశించకుండా కాపాడడం మరొక ఎత్తు. ఈ రెండవ కష్టం ఆ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి గల ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. సోదరులిద్దరు స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలి అయ్యారు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. అచ్చట ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అయినను హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ సమీపంలోని లెడర్లీ ప్రయోగశాలలకు తరలివెళ్ళి, కొద్దికాలానికే పరిశోధనాధిపతి అయ్యారు.

అక్కడ విశ్రాంత వృక్షశాస్త్రాచార్యుడు బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాలను పరీక్షిస్తుండేవారు. డెబ్బది దాటిన ఆ వృద్ధునికి 1945లో మిస్సోరి పొలపు మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవి లభించింది. ఆరియోమైసిన్ అన్న పేరులోని బంగారం అదే.

ఆనాటి పెన్సిలిన్ పొడిగా ఉన్నంతకాలం నిలిచేది. నీటిలో కలిపిన పిదప రోజురోజుకూ క్షీణించేది. మ్రింగితే జఠరామ్లం దానిని పాడుచేసేది. ఆరియోమైసిన్‌ను గుళికగా మ్రింగవచ్చు. ఎన్నో రకాల సూక్ష్మజీవులపై అది పనిచేసింది. మ్రింగలేని రోగికి నరంలోకి ఎక్కించవలసి వచ్చినప్పుడే చిక్కు. ఆమ్లగుణం గల ద్రావణంలో మందు కొంత నిలకడగా ఉంటుంది గాని, అది నరాన్ని ఒరుస్తుంది. ఆమ్లాన్ని తగ్గిస్తే నరానికి సుఖమే. మందు మాత్రం కొన్ని గంటలలోనే విచ్ఛిన్నమవుతుంది. వేడి ఆ వినాశాన్ని మరింత త్వరపెడుతుంది. కనుక ఎప్పటికప్పుడు కలిపి ఎక్కించడమే శరణ్యం.

ఈ చిక్కు పాతబడినది కాదు. 1974లో అమెరికాలో కొందరు పిల్లలకు ఇంటివద్దనే నరంలోకి మందులు ఎక్కించిన వృత్తాంతం ప్రకటితమైంది. తరువాత నడుముకు కట్టుకొనే చిన్న పంపులు వచ్చాయి. లోపలి రబ్బరు బుడగ ముడుచుకుంటూ మందును రోజంతా బొట్టుబొట్టుగా నెడుతుంది. రోగి దవాఖానా మంచాన్ని వదలి తన పనికి పోవచ్చు. అయితే ఆ బుడగ శరీరపు వేడిని ఆనుకొని ఉంటుంది. సాధారణంగా చివరి బొట్టువరకు నూటికి 90 పాళ్ళు మందు మిగలాలన్నది నియమం. సెఫజోలిన్ వంటివి ఈ పరీక్షకు చాలావరకు తట్టుకుంటాయి. యాంపిసిలిన్, మెరోపెనెమ్ తొందరగా ఓడిపోతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన వరంగల్లు ఎండలో చల్లని గది లెక్కలు పనికిరావని వేరుగా చెప్పాలా!

1948 జులైలో న్యూయార్కులో ఆరియోమైసిన్ ఫలితాలు పండితుల సమావేశంలో వెల్లడి అయ్యాయి. నెల తిరుగకముందే, ఆగస్టు 8న, సుబ్బారావుగారు మరణించారు. ఆయనకు 53 ఏండ్లు. ఆ మందులోని క్లోరిన్‌ను తొలగించి, ద్రావణంలో మరింత నిలకడ గల టెట్రాసైక్లిన్‌ను తయారుచేసిన వార్త 1953లో వెలువడింది. దానిని చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. లెడర్లీ శాస్త్రజ్ఞుడొకరు ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళను 1995లో విడుదల చేసింది.