సర్ ఆర్థర్ కాటను దొరగారు - ఆనకట్ట గచ్చు

ఏలూరు కాలువ గట్టుపై నడచు మనవారిలో సర్ ఆర్థర్ కాటను దొరగారి పేరెరుగనివారు లేరు. ధవళేశ్వరము ఆనకట్టయొద్ద మళ్లిన గోదావరి జలములు తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరి, కొల్లేటి పరిసరముల వరిచేలను తడుపుచున్నవి. ఆ ఆనకట్టకై దొరగారు కాలముతో సాగించిన పోరును సంఘ బంధువులకు విన్నవించుచున్నాము.

వీరు 1803 సం. మే 15వ తేదీని ఇంగ్లండున జన్మించి, 1821లో చెన్నపట్టణము చేరిరి. 1836లో కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టి తంజావూరు సీమకు నీటి కొరత తీర్చిరి. పిమ్మట కరవుచే కృశించిన గోదావరి సీమను చూచి, ఆనకట్ట యావశ్యకమని దొరతనమువారికి వ్రాసి, 1847లో పని నారంభించిరి.

నది నాలుగు పాయలలో కట్టవలసిన కట్టడము సుమారు 12,000 అడుగులు. వేసవి గడచినంతనే వరద పొంచియుండును. సిమెంటు మనకు దొరకని దినములవి. రాతిని పట్టియుంచుటకు గానుగలో నూరిన సున్నపు గచ్చే దిక్కు. బంకమట్టి పాలుగల సున్నపురాయిని కాల్చి చేసిన గచ్చు నీటితో కూడి గట్టిపడును. అయితే పచ్చిగా నున్నపుడు దానికి రెండు గండములు. ఎండకు తడి యారెనా, గట్టిపడుట నిలిచి పొడియై రాలును. ముదురకమునుపే ప్రవాహము తాకెనా, కొట్టుకొనిపోవును. దానికి తడి కావలెను, వరద కారాదు. మన తాపీపనివారు క్రొత్తగోడపై తడిగోనెలు కప్పుట యిందుకే. అది వృథాశ్రమ యనుకొన్న గృహస్థులు పగుళ్లు చూచిన పిదప విచారించుట మన మెరుగనిది కాదు.

వీరన్నగారు కూలిజనమును కూర్చి తోడ్పడిరి. ఎండలో శ్రమించి దొరగారు 1848లో జబ్బుపడి ఆస్ట్రేలియా కేగగా, ఆర్ దొరగారు పని సాగించిరి. వీరు 1850లో మరలివచ్చిరి. 1852లో ఆనకట్ట పూర్తియైనది.

నేటి ఇంజనీర్లు పచ్చి కాంక్రీటు విషయమున ఈ సంగతినే గణితముచే ముందుగా లెక్కింతురు. 100 పాళ్ల సిమెంటు సుమారు 23 పాళ్ల నీటిని తనలో ఇముడ్చుకొనును. లోపలి గాలితేమ నూటికి 80కి దిగువకు జారినచో ఆ కలయిక దాదాపు నిలిచిపోవును. ఏ గంట కెంత వేడి పుట్టునో, ఎంత తడి మిగులునో, పగులు ఎచట పుట్టునో లెక్కలో కనిపించును. దొరగారికి ఆ సాధనములు లేవు. ఋతుజ్ఞానమును, పనివారి చేతి నేర్పును గలవు.

1861లో సర్ బిరుదమంది, 1899 జూలై 24వ తేదీని స్వదేశమున కాలధర్మము నొందిరి. 1970 తరువాత పాత ఆనకట్టకు మారుగా కాంక్రీటు బారేజి వెలసి వారి పేరే దాల్చినది.