గీత దాటిన ఓటు - ఒక సంజీవరెడ్డి కథ

2024 ఎన్నికలు అయిపోయినాక రాయచోటి టీ అంగళ్ల కాడ ఒకటే మాట. క్రాస్ ఓటింగ్. రాయచోటి అసెంబ్లీకి సైకిల్ గెలిచె. అదే రాయచోటి ఉండే రాజంపేట పార్లమెంటుకు ఫ్యాన్ గెలిచె. ఎవరు గీత దాటినారు, ఏ ఊర్లో దాటినారు, ఏ కులమోళ్లు దాటినారు అని నెలల తరబడి లెక్కలు తీసినారు. మా పక్క ఊర్లో ఒక పెద్దాయన ఉండాడు. నలభై ఏండ్లు ఒకే పార్టీ. పోలింగు ఏజెంటుగా కూర్చున్న మనిషి. ఈసారి వేరే గుర్తుకు వేసినాడని ఎవరో పుకారు లేపినారు. నిజమో అబద్ధమో నేను అడగలే, ఆయన చెప్పలే. అయితే ఆ పొద్దుటి నుంచి సొంత తమ్ముడే ఆయనతో మాట్లాడడం లేదు. పెండ్లికి పిలుపు గూడా రాలే.

ఆయన్ను చూసినప్పుడల్లా నాకు నీలం సంజీవరెడ్డి గుర్తుకొస్తాడు. ఇదేం పోలిక అంటారా? చెప్తా. నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. పదో తరగతి తర్వాత నా చదువంతా రాయచోటి లైబ్రరీలో పాత పేపర్లు, పుస్తకాలే. అట్లా చదవంగా చదవంగా తెలిసిందేందంటే, మన సీమలో పుట్టి రాష్ట్రపతి దాకా పోయిన ఆ మనిషి బతుకంతా ఓటర్లు గీత దాటడం మీదనే నడిచింది. దాటితే ఒకసారి మునిగినాడు, ఇంకోసారి తేలినాడు.

1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టినాడు. భూములున్న కుటుంబం. మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం బడి, ఆనక అనంతపురం ఆర్ట్స్ కాలేజీ. 1929లో గాంధీ అనంతపురం వచ్చి పోయినాక పిల్లోని మనసు చదువు మీద నిలవలే. 1931లో చదువు ఇడిసిపెట్టి ఉద్యమంలోకి దూకినాడు. 1940 నుంచి 1945 మధ్యలో ఎక్కువ కాలం జైల్లోనే. క్విట్ ఇండియా అప్పుడు పట్టుకొని అమరావతి జైల్లో పెట్టినారు. మన గుంటూరు అమరావతి కాదు, బేరార్‌లో ఉండే అమరావతి. ఆ జైల్లో ప్రకాశం పంతులు ఉండాడు, కామరాజ్ ఉండాడు, వి.వి. గిరి ఉండాడు. గిరి పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లా వస్తాది.

1946లో మద్రాసు శాసనసభ, ఆపైన రాజ్యాంగ సభ, 1949లో మద్రాసు మంత్రి. 1951లో ఎన్.జి. రంగా మీద గెలిచి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడైనాడు. అంటే నలభై ఏండ్లు నిండకముందే పార్టీ చేతికొచ్చింది. మరుసటేడు 1952లో మొదటి సాధారణ ఎన్నికలు. అనంతపురం అసెంబ్లీకి నిలబడినాడు. ఎదురుగా నిలబడింది ఎవరు? కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మకు సొంత తోడబుట్టినోడు. అంటే బామ్మర్ది. అదీ జైల్లో ఉండి పోటీ చేసినాడు.

అప్పట్లో ఇప్పటి మాదిరి ముద్ర వేసేది లేదు. బూతు లోపల ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా. డబ్బా మీద గుర్తు అంటిచ్చి ఉంటుంది. చీటీ తీసుకుపోయి నచ్చిన డబ్బాలో వేసి రావాల. జోడెద్దులు గాంధీ గుర్తని జనం నమ్మే కాలం అది. అట్లాంటి కాలంలో అనంతపురం జనం పార్టీ అధ్యక్షున్ని ఇడిసిపెట్టి, జైల్లో ఉండే మనిషిని గెలిపిచ్చినారు. ఒకే ఇంటి బంధువులు రెండు పార్టీలైనప్పుడు, ఓటరుకు గూడా ఇంటి పార్టీ అనేది దేవుడు రాసిన రాత కాదని ఆ పొద్దే తెలిసింది.

సంజీవరెడ్డి ఓడినా ఆగలే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం కింద ఉప ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. 1959లో పంచాయతీరాజ్ పెట్టింది ఆయన కాలంలోనే. 1960లో కుర్చీ వదిలి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడుగా పోయినాడు. 1962లో మళ్లా వచ్చి ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన్ను నేను దేవున్ని చేయబోవడం లేదు. రెండోసారి పదవి పోయింది మన సీమ బస్సుల కాడనే. కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవాలని చూసింది. ముఖ్యమంత్రికి రాజకీయంగా గిట్టనోళ్ల రూట్లనే ఏరి ఏరి తీసుకుంటాండారని బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు పోయినారు. ఆ ఆరోపణ తప్పని ముఖ్యమంత్రి తరఫున ప్రమాణపత్రం గూడా దాఖలు కాలే. కోర్టు దాన్ని తప్పు పట్టింది. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేసినాడు. ఓటెయ్యనోని మీద, ఎదురు తిరిగినోని మీద ప్రభుత్వాన్ని వాడుకోవడం అనే జబ్బు ఈ పొద్దు పుట్టింది కాదని చెప్పేదానికి ఇది చాలు. అయితే ఒక మాట. కోర్టు మాటకు కుర్చీ దిగినాడు. ఇప్పుడు దిగేవాళ్లు ఎంతమంది ఉండారో మీరే లెక్కేసుకోండి.

ఆనక కేంద్రంలో శాస్త్రి కింద, ఇందిర కింద మంత్రి. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు పోయి స్పీకర్ అయినాడు. స్పీకర్ కుర్చీలో కూర్చున్నోనికి పార్టీ ఉండగూడదని కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేసినాడు. అట్లా చేసిన మొదటి స్పీకర్ ఆయనే.

ఇప్పుడు అసలు కథ. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోయినాడు. కాంగ్రెస్ పెద్దలు, సిండికేట్ అనేవాళ్లు, బెంగళూరులో కూర్చొని సంజీవరెడ్డి పేరు ఖాయం చేసినారు. ఇందిరాగాంధీకి ఇష్టం లేదు. అయినా ఆయన నామినేషన్ మీద ఆమె సంతకం ఉండాది. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి రాజీనామా చేసి స్వతంత్రుడుగా నిలబడినాడు. అమరావతి జైల్లో ఒకే గోడల మధ్య ఉన్న ఇద్దరు తెలుగోళ్లు ఒకే కుర్చీకి ఎదురెదురు వచ్చినారు. సిండికేట్ పెద్దలు స్వతంత్ర పార్టీని, జనసంఘ్‌ను రెండో ప్రాధాన్యం ఓటు అడిగేసరికి ఇందిరకు సందు దొరికింది. పార్టీ మాట పక్కనబెట్టి అంతరాత్మ చెప్పినట్లు ఓటెయ్యండి అనింది.

ఆగస్టు 16న ఓట్లు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ కావాల్సినంత రాలే. గిరికి 4,01,515 విలువ. సంజీవరెడ్డికి 3,13,548. మూడో మనిషి సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. రెండో ప్రాధాన్యం కలిపినాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తేడా 14,650. బతుకంతా కాంగ్రెస్‌కే వేసిన ఎంపీలు, ఎమ్మెల్యేలు గీత దాటితేనే ఆ తేడా వచ్చింది. ఆ నవంబరుకు కాంగ్రెస్ నిలువునా చీలింది. సంజీవరెడ్డి ఊరికి వచ్చి సేద్యం మొదలుపెట్టినాడు.

ఇక్కడ నన్నొక ప్రశ్న ఎప్పుడూ పొడుస్తాది. ఆ పొద్దు ఢిల్లీలో గీత దాటినోళ్లను అంతరాత్మ ఉన్నోళ్లు అన్నారు. మా పక్క ఊరి పెద్దాయన దాటినాడంటే నమ్మకద్రోహి అంటాండారు. అంతరాత్మ అనేది ఎమ్మెల్యేలకే ఇచ్చినారా దేవుడు? శెనక్కాయ చేను నమ్ముకున్నోనికి ఉండదా?

ఎమర్జెన్సీ కాలానికి జయప్రకాశ్ నారాయణ్ పిలుపుతో సంజీవరెడ్డి మళ్లా బయటికొచ్చినాడు. 1977 మార్చిలో జనతా పార్టీ తరఫున నంద్యాల లోక్‌సభకు నిలబడినాడు. గుర్తు చక్రంలో నాగలి పట్టిన రైతు. అవతల అక్కడి కాంగ్రెస్ ఎంపీ పెండేకంటి వెంకటసుబ్బయ్య, ఆవూ దూడ గుర్తు. ఉత్తరాదిలో ఇందిర రాయబరేలిలోనే ఓడిపోయిన ఎన్నిక అది. మన రాష్ట్రంలో మాత్రం తిరగబడింది. 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ సంజీవరెడ్డి గెలిచినాడు.

ఆ గెలుపు ఎట్లా వచ్చిందో ఆలోచించండి. నంద్యాలకు జనతా అనే పార్టీ ఆకాశం నుంచి ఊడిపడినట్లు వచ్చింది. దానికి సొంత ఓటు యాడిది? కాంగ్రెస్‌కు వేసే చేతులే నాగలి రైతుకు వేయాల. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోదే. 13 ఏండ్ల ముందు బస్సు రూట్ల కాడ సంజీవరెడ్డి పేరు చెడిపోయిన జిల్లా. ఆ జిల్లా జనమే రాష్ట్రమంతా ఒక దారి పోతాంటే తాము ఇంకో దారి పట్టినారు. మా కడప జిల్లా గూడా ఆ 41లోదే. మా ఇంట్లో అందరివీ ఆవూ దూడ ఓట్లే.

ఆయన మార్చి 26న మళ్లా స్పీకర్ అయినాడు. జులై 21న పోటీ లేకుండా రాష్ట్రపతిగా ఎన్నికైనాడు. దాఖలైన 37 నామినేషన్లలో 36 చెల్లలే. ఎనిమిదేండ్ల కింద అంతరాత్మ ఓటు తీసేసిన కుర్చీని ఈసారి ఒక్క ఓటు లేకుండానే ఇచ్చినారు. అక్కడ గూడా అన్నీ మంచి పనులే అనను. 1979లో మొరార్జీ ప్రభుత్వం కూలినాక చరణ్‌సింగ్‌ను పిలిచినాడు. ఆయన పార్లమెంటు ముఖం చూడకుండానే దిగిపాయె. జగ్జీవన్‌రామ్‌కు ఒక అవకాశం ఇయ్యకుండా సభను రద్దు చేసినాడు. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే దారి మూసినాడని ఆ రోజు మాట పడినాడు, ఈ రోజు గూడా పడతాండాడు. నా లెక్కలో ఆ మాట న్యాయమే. 1980 జనవరిలో, తనను ఓడగొట్టిన ఇందిర చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది గూడా ఆయనే. 1982లో దిగి ఇంటికొచ్చినాడు. 1996 జూన్ 1న బెంగళూరులో పోయినాడు.

ఇంక మా ఇంటి సంగతి. మా జేజికి చదువు రాదు. జోడెద్దులు, ఆవూ దూడ, చెయ్యి, ఈ మూడు గుర్తులే ఆమెకు తెలిసిన రాజకీయం. మా జేజినాయన ఏ గుర్తు చూపిస్తే దానికే ముద్ర. 1983లో రామారావు పార్టీ వచ్చినప్పుడు ఆమె సైకిల్ మీద ముద్ర వేసింది. ఈ మాట ఇరవై ఏండ్ల తర్వాత, జేజినాయన పోయినాక, వేరుశెనగలు ఒలుస్తా నాకు ఒక్కనికే చెప్పింది. ఎందుకేసినావని అడిగితే నవ్వింది, చెప్పలే. ఆయన మాత్రం తెలియకుండానే పోయినాడు. ఒక ఆడమనిషి బతుకంతట్లో సొంతంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే అయినా అవుతుంది. దాన్ని కాపాడింది బూతులో ఉండే ఆ అట్టముక్క చాటు.

ఈ పొద్దు ఆ చాటు పల్చబడిపాయె. ఓటింగు మిషన్లు వచ్చినాక ఏ బూతులో ఎవరికి ఎన్ని పడినాయో ఫారం 20లో అచ్చేసి పెడతారు. ఎనిమిది వందల ఓట్ల ఊర్లో ఎవరు దాటినారో కనుక్కోవడం ఎంత సేపు? ఆనక ట్యాంకరు ఆలస్యమవుతుంది, రోడ్డు పక్క ఊరికి పోతుంది. పద్నాలుగు మిషన్ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో పెట్టమని చెప్పింది. కేంద్రం ఒప్పుకోలే. ఏ పార్టీ గూడా దీని కోసం రోడ్డెక్కలే. యాల ఎక్కుతారు? బూతు లెక్క వాళ్లందరికీ కావాల.

నాయకుడు గోడ దూకితే పదవి పోవాలని 1985లో చట్టం చేసుకున్నాం. దానికీ సందులు వెతికి రోజూ దూకుతానే ఉండారు. ఓటరుకు అట్లాంటి చట్టం లేదు, ఉండగూడదు గూడా. నాయకుడు దూకేది గెలిచినాక, మనం ఇచ్చిన ఓటును మూటగట్టుకొని. ఓటరు దాటేది తన సొంత ఓటుతో. ఈ రెండిటికీ ఒకే పేరు పెట్టడం అన్యాయం.

టోటలైజర్ కోసం రాయచోటి నుంచి సంతకాలు మొదలుపెడతాండాం. ఏ పార్టీ అని అడగం. ఆ పక్క ఊరి పెద్దాయన ఇంటికి మొదట పోతా. ఎవరికేసినావని మాత్రం అడగను.