నూలుపోగును వెలిగించిన జోసెఫ్ స్వాన్

విద్యుద్దీపమనగానే మనకు ఎడిసన్ పేరే స్ఫురిస్తుంది. ఆయనతోపాటు స్మరింపదగిన మరొక మహనీయుడు సర్ జోసెఫ్ విల్సన్ స్వాన్.

స్వాన్ 1828 అక్టోబరు 31న ఇంగ్లండులోని సండర్లాండులో జన్మించాడు. కళాశాల చదువుకు నోచుకోక చిన్నవయసులోనే మందుల దుకాణంలో పనికి కుదిరాడు. అనంతరం న్యూకాజిల్ నగరంలో జాన్ మాసన్ అనే ఔషధ వర్తకుని వద్ద చేరి, క్రమంగా ఆయనకు భాగస్వామి అయ్యాడు. దుకాణమే ఆయనకు ప్రయోగశాల.

మొక్కల నుండి లభించే పదార్థాన్ని గాలి తగలనీయక మిక్కిలిగా కాల్చితే అందలి హైడ్రోజన్, ఆక్సిజన్ చాలావరకు తొలగిపోయి కర్బనం మిగులుతుంది. మన పల్లెలలోని బొగ్గుల బట్టీల రహస్యమిదే. స్వాన్ కాగితపు పట్టీలను ఇట్లు కర్బనంగా మార్చి, గాలి తీసిన గాజుబుడ్డిలో అమర్చి, 1860 నాటికే వెలిగించాడు. అయితే బుడ్డిలో మిగిలిన కొద్దిపాటి గాలికే అవి త్వరగా కాలిపోయేవి. 1867లో మాసన్ పేలుడు ప్రమాదంలో మరణించగా వ్యాపారభారం స్వాన్ పైబడింది. అయినను ఆయన ఆశ వీడలేదు. మేలైన శూన్యపు పంపులు లభించిన పిమ్మట మరల ప్రయోగాలకు పూనుకొని, 1879 ఫిబ్రవరి 3న న్యూకాజిల్‌లో 700 మందికి పైబడిన సభికుల ఎదుట తన దీపాన్ని ప్రదర్శించాడు.

అదే సంవత్సరం అక్టోబరులో ఎడిసన్ కాల్చిన నూలుపోగుతో విజయం సాధించి, మరుసటి ఏడు జపాను వెదురును చేపట్టాడు. స్వాన్ నూలుదారాన్ని గంధకామ్లంలో ముంచి గట్టిపరచి, ఆపై కాల్చాడు. ఇరువురి సంస్థలు కలహంతో నశించక 1883లో ఏకమైనాయి.

నూలుపోగు అంతటా ఒకే మందంగా ఉండదు. సన్నని చోట త్వరగా తెగుతుంది. అందుచేత స్వాన్ నైట్రోసెల్యులోజు ద్రావణాన్ని సూక్ష్మరంధ్రాల గుండా పంపి పోగులు తీశాడు. వానితో ఆయన భార్య హన్నా అల్లిన వస్త్రాలను 1885లో ప్రదర్శించాడు. పట్టుపురుగు లేకుండానే పట్టును పోలిన దారం! ధర్మవరం చీరల సీమవారమైన మనకు ఇది ఆశ్చర్యకరమే.

1904లో సర్ బిరుదు పొందిన స్వాన్ 1914 మే 27న కన్నుమూశాడు. తరువాత టంగ్‌స్టన్ తీగ వచ్చి కర్బనపు పోగును దీపం నుండి తొలగించింది. అయినను ఆ విద్య నశించలేదు. 1960వ దశకంలో కలపగుజ్జు నుండి తీసిన రేయాన్‌ను కాల్చి, రాకెట్లకు పనికివచ్చే కర్బన తంతువులను తయారుచేశారు. నేడవి అధికభాగం పెట్రోలియం సంబంధమైన పదార్థాల నుండే వస్తున్నవి. కాగితపు మిల్లులలో మిగిలే లిగ్నిన్ నుండి వానిని తీయవలెనని శాస్త్రజ్ఞులు మరల మొక్కల వైపు చూస్తున్నారు.

విద్యార్థి మిత్రులారా! కళాశాల గడప తొక్కని ఒక దుకాణపు కుర్రవాడు ఇంత సాధించాడు. ఆ భాగ్యం లభించిన మనపై బాధ్యత ఎంత ఎక్కువో ఆలోచింతురు గాక!