సహపంక్తి భోజనం దగ్గరే ఆగిపోని సరస్వతి గోరా

కృష్ణా జిల్లాలో నాస్తికోద్యమం అనగానే గోరా పేరే ముందు వస్తుంది. కుల నిర్మూలన చరిత్ర చదివేటప్పుడు మేము ఆయన ఉపన్యాసాల కంటే ఆ ఇంటి వంటగదినీ, ఆ ఇంట జరిగిన పెళ్లిళ్లనూ ఎక్కువగా చూస్తాం. కులం నిలబడేది అక్కడే. ఆ రెండు చోట్లా కాపలా బాధ్యతను మన సమాజం ఇంటి పెద్దావిడకు అప్పగించింది. సరస్వతి గోరా ఆ కాపలా కాయడానికి నిరాకరించారు.

ఆమె 1912 సెప్టెంబర్ 28న విజయనగరంలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. పదేళ్లకే గోపరాజు రామచంద్రరావుతో పెళ్లయింది. ఆయన ఉద్యోగరీత్యా కొలంబోలో ఉన్న రోజుల్లో, గర్భిణిగా ఉండి కూడా గ్రహణం వేళ బయట తిరిగారు. 1928లో గోరా జంధ్యం తీసేస్తే తండ్రి ఇంట్లోంచి పంపేశారు. జంధ్యం తీసింది ఆయనే, కానీ చంటిబిడ్డలతో ఆ వెలిని రోజూ భరించింది ఆమె. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాల. 1940లో అదీ వదిలేసి, గ్రామ యువకుల పిలుపు మీద గుడివాడ ప్రాంతానికి దగ్గరలోని ముదునూరు చేరి, అక్కడ నాస్తిక కేంద్రం పెట్టారు.

ముదునూరులో నెల జీతం లేదు. పిల్లలు చివరికి తొమ్మిది మంది. లవణం, సమరం, నియంత వంటి పేర్లలో ఆ కాలపు రాజకీయాలు వినిపిస్తాయి. తొమ్మిదో బిడ్డ పేరు నౌ. మాల మాదిగలు ఊరి చెరువు నీళ్లు ముట్టుకోవడానికే వీల్లేని రోజుల్లో ఆ కుటుంబం దళితులతో సహపంక్తి భోజనాలు నడిపింది. 1942 క్విట్ ఇండియాలో ఆమె పసివాడైన నియంతను వెంటబెట్టుకుని జైలుకు వెళ్లారు.

అయితే, కలిసి తిన్నంత మాత్రాన కులం పోదని, కులాంతర వివాహమే అసలు మందని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. సంస్కర్తల్లో చాలామంది పంక్తి భోజనం దగ్గరే ఆగిపోయారు. ఈ ఇల్లు ఆగలేదు. పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైంది. గాంధీ తానే జరిపిస్తానన్నారు కానీ అంతలోనే హత్యకు గురయ్యారు. 1948 మార్చి 13న సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది. అంతకుముందు అర్జునరావు సేవాగ్రాంలో ఉండి తర్ఫీదు పొందాలని గాంధీ కోరారు. ఇక్కడ మాకు పేచీ ఉంది. అంటరానితనం పాటించిన సమాజాన్ని వదిలి, దాన్ని భరించినవాడికి శిక్షణ ఎందుకు?

1960లో లవణం గుర్రం జాషువా కుమార్తె హేమలతను పెళ్లి చేసుకున్నారు. జోగినీ దురాచారం మీద, స్టువర్టుపురంలో హేమలత చేసిన పని చిన్నది కాదు. ఆమెను ఒకరి కూతురిగానో, ఇంకొకరి కోడలిగానో మాత్రమే చెప్పడం అన్యాయం.

కూతురు దళితుణ్ణి పెళ్లాడిందని 2018లో మిర్యాలగూడలో కన్నతండ్రే అల్లుణ్ణి చంపించాడన్న కేసు మనందరికీ తెలుసు. అంతకు 70 ఏళ్ల ముందు, కులం నుంచి వెలి అయిన ఒక తల్లి దళితుణ్ణి అల్లుడిగా ఇంట్లోకి ఆహ్వానించింది. అప్పట్లో ఆమెకు రక్షణగా నిలిచే చట్టం గానీ, ఆదుకునే బంధువర్గం గానీ పెద్దగా లేవు.

1975లో గోరా పోయాక 31 ఏళ్లు ఆమే నాస్తిక కేంద్రానికి పెద్దదిక్కు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు కేంద్రం, దాని అనుబంధ సంస్థలు సహాయ పనుల్లోకి దిగాయి. ఘంటసాల పక్కనున్న శ్రీకాకుళం గ్రామం కేంద్రంగా ఆర్థిక సమతా మండలి తర్వాత కూడా ఆ ప్రాంతంలో పనిచేసింది. ఉప్పెనలో ఎక్కువగా కొట్టుకుపోయింది పల్లపు నేలల్లోని పూరిళ్లు. అవి ఎవరివో దివిసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు.

1999లో ఆమెకు జమ్నాలాల్ బజాజ్ పురస్కారం వచ్చింది. 2006 ఆగస్టు 19న, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తన ఆత్మకథకు ఆమె పెట్టుకున్న పేరు ‘గోరాతో నా జీవితం’. ఆ పేరులో తనను తాను రెండో స్థానంలో ఉంచుకున్నారు. మేము ఆమె జీవితాన్ని ముందు పెట్టి చదువుతున్నాం. అదే ఇంటి కథను అర్జునరావు వైపు నుంచి కూడా చదవాలని మా కోరిక.