ఒకే గిన్నె ముందు బిషప్ అజరయ్య

ఉద్యమ సభల్లో మనం బిషప్ అజరయ్యను పెద్దగా తలుచుకోం. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, గుడి ప్రవేశం లేని నాడార్ కులంలో పుట్టారు. 1909లో, హైదరాబాద్ రాజధానిగా నిజాం ఏలిన రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చారు.

మరుసటి ఏడు ఎడిన్‌బరో మహాసభలో తెల్లదొరలనే నిలదీశారు: సేవ చేస్తారు సరే, మమ్మల్ని స్నేహితులుగా మీ సరసన కూర్చోబెట్టుకోరేమని. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు.

దొరలను అడగడం ఒక ఎత్తు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఒకరింట ఒకరు తినేవారు కాదు. ప్రభుభోజనపు బల్ల దగ్గర మాత్రం రొట్టె ఒకటే, గిన్నె ఒకటే. అక్కడ కలిసినవాళ్లు అన్నం దగ్గర విడిపోకూడదన్నది ఆయన పట్టుదల.

1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశారు. మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి ఉన్న ఊళ్లు మనకింకా తెలుసు.