ఉండిపోయిన దైవజనుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెల్లో తిరిగే మన సంఘస్థులకు ఈ దృశ్యం కొత్త కాదు. ఊరి మొదట్లో ఒక బోర్డు. దానిమీద ఒక పథకం పేరు, ఒక సంస్థ పేరు, రెండు మూడేళ్ల గడువు. గడువు తీరాక జీపు రావడం మానేస్తుంది. బోర్డు రంగు వెలిసిపోతుంది. మన సంఘాల సంగతీ ఇంతే. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి, ఫొటో దిగి, మళ్లీ క్రిస్మస్ దాకా ఆ ఊరి దారి తొక్కని వాళ్లం మనలో ఎందరమో ఉన్నాం. అందుకే ఈ వారం, ఈ నేలకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక దైవజనుని జీవితాన్ని పాఠకులకు గుర్తుచేయాలనుకున్నాం.

ఆయన పేరు జేకబ్ ఛాంబర్లేన్. 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టారు. వేదాంతంతో పాటు వైద్యం కూడా చదువుకున్నారు. 1859 చివర భార్య షార్లెట్‌తో కలిసి ఓడ ఎక్కి, మరుసటి ఏడాది మద్రాసులో దిగారు. స్కడర్ కుటుంబం ప్రారంభించిన ఆర్కాటు మిషన్ పని అప్పటికి ఎక్కువగా తమిళుల మధ్యనే సాగుతోంది. ఛాంబర్లేన్ భాగానికి తెలుగు సీమ వచ్చింది. మొదట పలమనేరు, 1863 నుంచి మదనపల్లె ఆయన పరిచర్యకు నెలవులయ్యాయి.

ఆ 1863లోనే ఆయన స్థానిక సహాయకులతో మందులపెట్టె, సువార్త పుస్తకాలు వెంటబెట్టుకొని హైదరాబాదు మీదుగా గోదావరి అడవుల దాకా దాదాపు 1,200 మైళ్లు తిరిగారు. ఒక ఊరిలో జనం రాళ్లు పట్టుకొని ఆయనను చుట్టుముట్టారు. ముందు ఒక కథ వినండి, ఆ తర్వాత మీ ఇష్టం అని ఆయన వేడుకున్నారు. యేసు సిలువ కథ తెలుగులో చెప్పారు. విన్నవాళ్లు రాళ్లు జారవిడిచి పుస్తకాలు కొనుక్కున్నారు. ఆయనను కాపాడిన దేవుడు వాడుకున్నది తెలుగు మాటనే అని మేము నమ్ముతున్నాం. ఊరివాళ్ల భాష రానివాడు ఊరికి ఏమి మేలు చేయగలడు?

ఆ ప్రయాణంలో పట్టుకున్న అడవి జ్వరం ఆయనను చాలాకాలం వదలలేదు. ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లవలసి వచ్చినా, కోలుకొని మళ్లీ మన దగ్గరికే వచ్చారు. పలమనేరులో, మదనపల్లెలో ఆసుపత్రులు నెలకొల్పారు. చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులు బండ్లమీద, కాలినడకన వచ్చేవారు. ఒకసారి మందు పుచ్చుకొని నయమైన మనిషి తన ఊరికి పోయి చెప్పిన మాటే మరో ఊరికి దారి తీసేది.

ఛాంబర్లేన్ తన మిషన్ పనితోనే సరిపెట్టుకోలేదు. 1873 నుంచి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. వేర్వేరు మిషన్ల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చొని చేసిన పని అది. ఆర్కాటు మిషన్ సంఘాలూ స్కాట్లాండు ఫ్రీ చర్చి సంఘాలూ ఏకమైనప్పుడు ఆయనే తొలి మోడరేటర్ అయ్యారు. 1902లో పక్షవాతం వచ్చింది. అయినా కలం కింద పెట్టలేదు. 1908 మార్చి 2న మదనపల్లెలోనే కన్నుమూశారు. వచ్చింది పాతికేళ్ల వయసులో. పోయింది డెబ్భై మూడో ఏట.

ఆయన తర్వాత పని ఆగిపోలేదు. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. 1912లో అనేక మిషన్లు చేతులు కలిపి, డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో క్షయరోగుల కోసం మొదలుపెట్టిన వైద్యశాల ఆరోగ్యవరమైంది. 1950 నుంచి ఆ వైద్యశాల వాళ్లు చుట్టుపక్కల పల్లె ప్రజలందరికీ క్షయ పరీక్షలు చేస్తూ ఏళ్ల తరబడి వాళ్లను గమనించారు. జబ్బు లేనివాడు కూడా మళ్లీ మళ్లీ వచ్చి ఎక్స్‌రే తీయించుకున్నాడంటే, దాని వెనుక ఎంత నమ్మకం ఉండాలి! అటువంటి నమ్మకం తరాలమీద గానీ రాదు.

అయితే ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో డబ్బు సముద్రం అవతల నుంచి వచ్చేది, నిర్ణయాలు మిషనరీల సభలో జరిగేవి. ఏ ఊరికి ఏది ముందు కావాలో చెప్పే హక్కు ఆ ఊరికి లేదు. మన పెద్దలకు ఆ సభల్లో సరైన చోటు దొరకడానికి ఛాంబర్లేన్ పోయాక కూడా చాలా ఏళ్లు పట్టింది. ఆయన ఓర్పును నేర్చుకుందాం. ఆ లోటును మాత్రం మన చేతులతో మళ్లీ తేవద్దు.

ఈ మెట్టసీమలో వానలు నమ్మరానివి, బోర్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి. చెరువు పూడిక తీయాలా, బడికి గోడ కట్టాలా అన్నది ఆ ఊరి రచ్చబండ దగ్గర తేలాలి. ఆడవాళ్లూ కూలివాళ్లూ అక్కడ కూర్చోవాలి. లెక్కల పుస్తకం ఊరివాళ్ల దగ్గరే ఉండాలి. సంఘం పక్కన నిలబడాలి, పదేళ్లయినా సరే.

మంచి సమరయుడు గాయపడినవానిని సత్రంలో చేర్చి చేతులు దులుపుకోలేదు. మళ్లీ వస్తానని సత్రపువానికి మాట ఇచ్చి వెళ్లాడు. మన సంఘాలు ఈ సంవత్సరం ఒక్క ఊరికైనా ఆ మాట ఇవ్వాలని, ఇచ్చిన మాట నిలబెట్టుకునే కృప ప్రభువు దయచేయాలని మా ప్రార్థన.