రక్తం ఆగినా గండం ఎందుకు గడవదు? వివియన్ థామస్ కథ

రెండేళ్ల క్రితం చలికాలంలో ఒక రాత్రి మా తోడల్లుడి కారును ఫ్రీవే మీద ట్రక్కు గుద్దింది. తొడ ఎముక విరిగింది, కటి ఎముకలు చిట్లాయి. ఆపరేషన్ బాగానే జరిగింది. రక్తం ఎక్కించారు, తెల్లారేసరికి బీపీ నిలబడింది. ఒంగోలులో ఉన్న మా అత్తయ్యకు ఫోన్ చేసి గండం గడిచిందని చెప్పేశాను. తొందరపడ్డాను. మూడో రోజుకు మూత్రం రావడం తగ్గిపోయింది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ముందు వెంటిలేటర్, తర్వాత డయాలసిస్. అత్తయ్య రోజూ ఒకటే అడిగేది. దెబ్బ తగిలింది కాలికి, రక్తం కూడా ఆగింది, మరి మూత్రపిండాలకు ఏమొచ్చిందని.

నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. ఇక్కడ మేరీలాండ్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆమె ప్రశ్నకు ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేకపోయింది. ఐసీయూ బయట కుర్చీల్లో గడిపిన ఆ రాత్రుళ్లు దాని గురించే చదువుతూ కూర్చున్నాను. ఎటు తిరిగి ఎటు వెళ్లినా దారి 1930 నాటి నాష్‌విల్ నగరానికే వచ్చేది. అక్కడ ఒక పంతొమ్మిదేళ్ల కుర్రాడు కనిపించాడు.

ఆయన పేరు వివియన్ థామస్. 2004లో వచ్చిన హెచ్‌బీవో సినిమా సమ్‌థింగ్ ద లార్డ్ మేడ్ చూసినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. ఒళ్లు నీలంగా మారే పసిపిల్లలకు గుండె దగ్గర చేసే ఆపరేషన్ వెనుక ఉన్న మనిషిగా నాకూ తెలుసు. కానీ దానికి ముందు పదేళ్లకు పైగా ఆయన చేసిన పని వేరు. పెద్ద దెబ్బ తగిలిన శరీరం ఎందుకు కుప్పకూలుతుందన్న ప్రశ్న మీద అది సాగింది. సినిమాలో దానికి దక్కింది కాసేపే.

థామస్ 1910లో లూసియానా రాష్ట్రంలో పుట్టాడు, పెరిగింది నాష్‌విల్‌లో. ఇంట్లో ఈసారి ఆడపిల్ల పుడుతుందనుకుని ముందే పేరు అనుకున్నారట, మగపిల్లాడు పుట్టినా ఆ పేరే ఉంచేశారు. తండ్రి వడ్రంగి. కొడుకూ చిన్నప్పుడే ఆ పని నేర్చుకున్నాడు. 1929లో హైస్కూల్ ముగించి, కాలేజీలో చేరి డాక్టర్ కావాలన్న ఆశతో డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టాడు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. వడ్రంగి పని పోయింది. వేరే పని దొరికేదాకా గడుపుకుందామని 1930 ఫిబ్రవరిలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ల్యాబ్‌లో చేరాడు. అదే ఏడాది బ్యాంకు మూతపడి దాచుకున్నదంతా పోయింది. కాలేజీ ఆశ అక్కడితో ఆగింది. తాత్కాలికం అనుకున్న ఉద్యోగం బ్లేలాక్‌తో ముప్పై నాలుగేళ్లు నడిచింది. అమెరికాకు రెండేళ్లని వచ్చి ఇరవై ఏళ్లయినవాళ్లకు ఇది కొత్త కథేమీ కాదు.

అప్పటికి బ్లేలాక్ బల్ల మీద ఉన్న ప్రశ్న షాక్. మన వాడుకలో షాకంటే కరెంటుదో, చెడు కబురుదో. వైద్యంలో షాకంటే రక్తపోటు పడిపోయి అవయవాలకు రక్తం అందని స్థితి. మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టర్లకు ఒక వింత ఎదురైంది. సైనికుడి కాలు నలిగి ఉంటుంది, బయటికి పోయిన రక్తం పెద్దగా కనపడదు, అయినా బీపీ పడిపోయి ప్రాణం పోతుంది. హార్వర్డ్‌కు చెందిన వాల్టర్ కానన్, ఇంగ్లండ్‌కు చెందిన విలియం బేలిస్ వంటి దిగ్గజాలు దీన్ని పరిశీలించి, నలిగిన కండరం నుంచి ఏదో విషం రక్తంలో కలుస్తోందన్నారు. అందరూ అదే నమ్మారు.

బ్లేలాక్‌కు నమ్మకం కుదరలేదు. ఆయన చేసింది ఒక తూకం. మత్తులో ఉన్న కుక్క వెనక కాలి కండరాన్ని గాయపరచి, బీపీ పడిపోయాక రెండు కాళ్ల బరువూ పోల్చి చూశాడు. అంతకుముందువాళ్లూ బరువులు తూచారు, వాళ్లకు తేడా చాలినంత కనపడలేదు. కానీ వాపు కాలితో ఆగదు, పైకి గజ్జల దాకా పాకుతుంది. అదంతా లెక్కలోకి తీసుకుంటే, బీపీ పడిపోవడానికి సరిపడా రక్తమూ ద్రవమూ అక్కడే కండరంలో ఇంకిపోయి ఉంది. బయటికి చుక్క కారనక్కర్లేదు, మనిషి తన కాల్లోకే తాను రక్తం కార్చుకుని చనిపోగలడు. అందుకు మందు పోయినదాన్ని మళ్లీ నింపడమే.

కుక్కల మీద ప్రయోగాలా అని కొందరికి మనసు చివుక్కుమంటుంది. నేను పశువైద్యుణ్ణి, నాకూ అనిపిస్తుంది. మత్తు లేకుండా వాటి మీద కత్తి పెట్టలేదని చదివాక కొంచెం తేలికపడ్డాను, పూర్తిగా కాదు.

థామస్ చేరిన కొద్ది వారాలకే మత్తు ఇవ్వడం, కోత, కుట్టు సొంతంగా చేయసాగాడు. శరీరశాస్త్రం, రసాయన పరీక్షలు పుస్తకాలు చూసి నేర్చుకున్నాడు. బ్లేలాక్ ఆసుపత్రి పనుల్లో మునిగిపోతే ప్రయోగాలన్నీ థామస్ చేతుల మీదుగానే జరిగేవి. చిన్న తేడా ఉన్నా మళ్లీ చేసేవాడు. షాక్ మీద ఏళ్ల తరబడి సాగిన ఆ పనితో ద్రవనష్టమే అసలు కారణమన్న మాట గట్టిపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడినవాళ్లకు వెంటనే రక్తం, ప్లాస్మా ఎక్కించడం వెనుక ఆ అవగాహన ఉంది. ఎన్నో వేల ప్రాణాలు నిలబడ్డాయి.

ఇంతా చేస్తున్నవాడి ఉద్యోగం పేరు కాగితాల మీద ఏమని ఉందో తెలుసా? జానిటర్. ఊడ్చి తుడిచేవాళ్ల జీతమే ఆయనకూ ఇచ్చేవారు, నల్లవాడు కాబట్టి. అది తెలిశాక ఆయన ఊరుకోలేదు, అడిగి జీతం పెంచించుకున్నాడు. అంతకుముందు, చేరిన కొత్తలోనే, ఏదో పొరపాటు జరిగితే బ్లేలాక్ నోటికొచ్చినట్టు తిట్టాడు. అలాంటి మాటలు పడే పెంపకం కాదు తనది, వెళ్లిపోతానని థామస్ చెప్పేశాడు. బ్లేలాక్ క్షమాపణ అడిగి, మళ్లీ అలా మాట్లాడనని మాటిచ్చి, నిలబెట్టుకున్నాడు. చేతిలో వేరే పని లేని మాంద్యం రోజుల్లో ఆ కుర్రాడు అంత మాట అనగలిగాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1941లో బ్లేలాక్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కు సర్జరీ చీఫ్‌గా వెళ్తూ థామస్ కూడా తనతో రావాలన్నాడు. భార్య క్లారా, ఇద్దరు ఆడపిల్లలతో ఆయన వెళ్లాడు. హాప్‌కిన్స్‌లో అప్పట్లో నల్లవాళ్లంటే ఊడ్చేవాళ్లే. తెల్లకోటుతో థామస్ నడుస్తుంటే జనం ఆగి చూసేవారు.

ఆ రోజుల్లో లండన్ నుంచి కొత్త సంగతి బయటపడింది. బాంబు దాడుల్లో గోడల కింద గంటల తరబడి కాళ్లు నలిగినవాళ్లను బయటికి తీస్తే ముందు బాగానే ఉండి, కొద్ది రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతున్నారు. 1941లో బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు దీన్ని రాశారు. బరువు తీయగానే కాల్లోకి రక్తం తిరిగి పారుతుంది, చితికిన కండరంలోని పదార్థాలు దాంతోపాటు వచ్చి మూత్రపిండాలకు అడ్డుపడతాయి. హాప్‌కిన్స్ ల్యాబ్‌లోనూ ఈ నలుగుడు గాయాల మీద ప్రయోగాలు సాగాయి. అంటే, కండరం నుంచి ఏదో వస్తోందన్న కానన్ మాట పూర్తిగా తప్పేం కాదు. మొదటి గంటల్లో చంపేది ద్రవనష్టం. ఆ తర్వాతి రోజుల్లో చంపేది వేరే.

అత్తయ్య ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరికింది. బ్లేలాక్, థామస్‌ల కాలానికి ముందు మా తోడల్లుడి లాంటివాళ్లు మొదటి రాత్రే పోయేవారు, మూడో రోజు జబ్బు రావడానికి మనిషి ఉంటే కదా. రక్తం ఎక్కించి బతికించడం తెలిశాకే, ఒకదాని తర్వాత ఒకటిగా అవయవాలు చతికిలపడడం డాక్టర్లకు కళ్లకు కట్టింది. 1975లో ఆర్థర్ బావ్ అనే సర్జన్ దీన్నే డెబ్బైల నాటి కొత్త జబ్బుగా వర్ణించాడు. 2010లో బోస్టన్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఇంకో ముడి విప్పారు. మన కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఒకప్పటి బ్యాక్టీరియా సంతతి. దెబ్బకు కణాలు పగిలి వాటి ముక్కలు రక్తంలోకి వస్తే, క్రిములు చొరబడ్డాయని ఒంట్లోని కాపలా పొరబడుతుంది. తెల్ల రక్తకణాలు కయ్యానికి దిగి, ఏ పాపం ఎరుగని ఊపిరితిత్తులకూ గాయం చేస్తాయి. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇదే. కాలు విరిగితే ఊరంతా తగలబెట్టడం అని అత్తయ్యకు చెప్పాను. ఆ మాట ఆమెకు వెంటనే అర్థమైంది.

నీలి పసిపిల్లల కథ చాలామందికి తెలుసు కాబట్టి తొందరగా చెప్తాను. పిల్లల డాక్టర్ హెలెన్ టాసిగ్ తెచ్చిన సమస్యకు థామస్ సుమారు రెండు వందల కుక్కల మీద దారి వెతికి, పరికరాలు కూడా తానే మార్చుకున్నాడు. 1944 నవంబర్ 29న పదిహేను నెలల ఐలీన్ సాక్సన్‌కు బ్లేలాక్ ఆపరేషన్ చేస్తుంటే, వెనక స్టూలు మీద నిలబడి ఎక్కడ ఎలా కుట్టాలో చెప్పింది థామసే. మరుసటి ఏడాది అచ్చయిన పత్రంలో ఆయన పేరు లేదు. సాయంత్రాలు బ్లేలాక్ ఇంటి పార్టీల్లో గ్లాసులు అందించి నాలుగు డబ్బులు సంపాదించుకున్నాడు.

1947లో మళ్లీ డాక్టర్ చదువు గురించి విచారించాడు. మొదటి సంవత్సరం నుంచీ మొదలుపెట్టాలన్నారు. డాక్టరయ్యేసరికి యాభై వస్తాయని లెక్క వేసుకుని మానేశాడు. నేనూ ఇక్కడి పశువైద్య లైసెన్సు పరీక్షల పుస్తకాలు ముప్పై ఎనిమిదో ఏట అటకెక్కించాను. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను.

డాక్టర్ కానివాడి దగ్గర ఒక తరం సర్జన్లు కుట్లు నేర్చుకున్నారు. డెంటన్ కూలీ ఆ తరంవాడే. వాళ్లే డబ్బులు వేసుకుని ఆయన చిత్రపటం గీయించి, హాప్‌కిన్స్‌లో బ్లేలాక్ పటం పక్కన పెట్టించారు. 1976లో గౌరవ డాక్టరేట్ ఇచ్చారు, వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. సర్జరీ విభాగంలో అధ్యాపకుడిగానూ నియమించారు. 1985 నవంబర్ 26న ఆయన చనిపోయాడు. సొంత జీవితకథ అచ్చయి వచ్చింది ఆ తర్వాత కొద్ది రోజులకే.

మా తోడల్లుడికి పదహారో రోజు డయాలసిస్ ఆపేశారు. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. ఈ కథంతా ఫోన్లో చెప్తే అత్తయ్య చివరిదాకా విని ఒక్కటే అడిగింది, ఆ అబ్బాయి జీతం తర్వాతైనా సరిచేశారా అని. 1946 నాటికి హాప్‌కిన్స్ అసిస్టెంట్లలో అందరికన్నా ఎక్కువ జీతం ఆయనదేనని చెప్పాను. అప్పటికి పదహారేళ్లు అయిందన్నమాట అంది ఆవిడ.